పావంగుళం టేపు మీద ఢిల్లీ

లాల్ ఖిలా మెట్రో స్టేషన్లో మెట్లెక్కి పైకొస్తే రోడ్డుకి ఒక పక్క ఎర్రకోట, ఇంకో పక్క లాజ్‌పత్‌రాయ్ మార్కెట్. దేశ విభజనలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళకి బతుకుతెరువుగా దుకాణాలు ఇస్తే పుట్టిన బజారు అది. రేడియోల రోజుల్లో రేడియోలు అమ్మింది, టేప్ రికార్డర్ల రోజుల్లో టేప్ రికార్డర్లు అమ్మింది. ఇప్పుడు రంగురంగుల ఎల్‌ఈడీ దండలూ సీసీ కెమెరాలూ పెళ్ళి ఊరేగింపుల స్పీకర్లూ అమ్ముతోంది. నెత్తిన అట్టపెట్టెలతో కూలీలు పరుగులు పెట్టే ఆ సందుల్లో నాక్కావలసిన సరుకు పేరు చెబితే కుర్ర వ్యాపారులు తలలు అడ్డంగా ఊపారు. అరవైల నాటి గ్రండిగ్ స్పూల్ మెషీన్‌కి ఐడ్లర్ కావాలి. మోటారు తిరుగుడుని స్పూలుకి అందించే రబ్బరు అంచు చక్రం అది. చార్జర్లు అమ్ముకుంటున్న ఒక పెద్దాయన మాత్రం నా చేతిలోని అరిగిన ముక్కని తిప్పి చూసి, వెనక సందులో మెట్ల కింద ఉండే సర్దార్జీ దగ్గరికి పొమ్మన్నాడు.

మెషీన్ మా మామయ్యది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరి, ఆర్.కె.పురం క్వార్టర్స్‌లో కాపురం పెట్టి, దేశం విడిచి వెళ్తున్న ఓ దౌత్యవేత్త ఇంటి సామాను అమ్మకంలో దాన్ని కొన్నాడు. జీతం ఎన్ని నెలలు దానికే పోయిందో అత్తయ్య ఇప్పటికీ లెక్క చెబుతుంది. ఉగాదికి తెలుగువాళ్ళు చేరినా, ఎవరింట్లో పేరంటం జరిగినా, పద్య నాటకానికి రిహార్సల్స్ పెట్టుకున్నా ఆ బరువు మోసుకుని వెళ్ళేవాడట. మామయ్య పోయాక మెషీనూ రీళ్ళూ మయూర్ విహార్‌లో బావ ఇంటి అటక ఎక్కాయి. "మీ మామయ్య అందులో ఏం పట్టి పెట్టారో, నేనుండగా ఒక్కసారి వినిపించరా" అని అత్తయ్య ఫోన్ చేసినప్పుడు నేను తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీశాను. 1976లో ఏపీ ఎక్స్‌ప్రెస్‌గా మొదలై రాష్ట్ర విభజన తర్వాత పేరు మారిన బండి అది. మామయ్య తరం సెలవులకి ఊరొచ్చి, పచ్చళ్ళ జాడీలతో పాటు ఘంటసాల భగవద్గీత క్యాసెట్లూ కురుక్షేత్రం పద్యాల క్యాసెట్లూ ఢిల్లీకి మోసుకెళ్ళింది ఎక్కువగా ఇలాంటి బళ్ళలోనే.

ఫిబ్రవరి నెల కావాలనే ఎంచుకున్నాను. టేపు అంటే సన్నని ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన ఇనుప తుప్పు పొడి. ఢిల్లీ వేసవి ఎండకి ప్లాస్టిక్ వంకర్లు పోతుంది. వానాకాలపు చెమ్మకి జిగురు మెత్తబడుతుంది, బూజు పడుతుంది. దీపావళి తర్వాత ఊరంతా కమ్ముకునే పొగలో ఉండే సన్నటి దుమ్ము హెడ్డుకీ టేపుకీ మధ్య దూరితే పాట మధ్యలో శబ్దం మాయమవుతుంది. ఢిల్లీలో టేపులకి హాయైన కాలం ఏడాదిలో బాగా తక్కువ.

సర్దార్జీ కూర్చున్న చోట రెండో మనిషి నిలబడాల్సిందే. గోడనిండా విప్పిన ఛాసిస్‌లు. నేను తెచ్చిన ఐడ్లర్ చూసి, మెషీన్ మొత్తం తెమ్మన్నారు. మర్నాడు బావా నేనూ ఆటోలో వేసుకుని తెచ్చాం. మూత విప్పి, ముందు వాసన చూశారు.

"కరెంటు పెట్టావా పుత్తర్?"

"లేదండీ."

"మంచి పని చేశావు."

ఏళ్ళ తరబడి కరెంటు ఎరగని మెషీన్లో కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా 230 వోల్టులు మీద పడితే అవి పేలడమో, ట్రాన్స్‌ఫార్మర్ కాలడమో జరుగుతుంది. ఆయన ప్లగ్గుకి వరసలో నూరు వాట్ల బల్బు ఒకటి కలిపారు. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, మెషీన్ బతికిపోతుంది. బాగుంటే సన్నగా ఎర్రబడి ఊరుకుంటుంది. ఆ సిరీస్ బల్బు పద్ధతి మన విజయవాడ, హైదరాబాదు రేడియో మెకానిక్కులందరికీ తెలిసిందే. ప్రయోగశాలల్లో దీని కోసం ఖరీదైన పరికరాలు ఉంటాయి గానీ, ఎనభై దాటిన ఆ చేతుల్లో ఈ బల్బు అంతకన్నా తక్కువ పని చేయలేదు. బెల్టులు కరిగి నల్లటి తారులా కప్పీలకి అంటుకుపోయి ఉన్నాయి. దాన్ని స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడవడానికే పూట పట్టింది. గ్రీజు గట్టిపడి ఇరుసులు కదలడం లేదు. ఐడ్లర్ రబ్బరు ఒకే చోట ఏళ్ళపాటు నొక్కుకుని సొట్టపడింది. అలాంటి చక్రంతో నడిపితే ప్రతి చుట్టుకీ ఒక కుదుపు, ప్రతి కుదుపుకీ గొంతులో ఒక వణుకు. కొత్త రబ్బరు ఎక్కించి, లేతు మీద సానబట్టి, వేలుతో నిమిరి చూసి, మళ్ళీ సానబట్టారు.

ఈ పని నేర్చుకోవడానికి ఎవరైనా వస్తున్నారా అని అడిగాను. మనవడు కెనడాలో ఉన్నాడన్నారు. మూడో రోజుకి మెషీన్ ముందు భాగంలో శబ్దం స్థాయి చూపించే మ్యాజిక్ ఐ ఆకుపచ్చగా వెలిగింది. సందులో చార్జర్ల పెద్దాయన కూడా వచ్చి చూశారు.

టేపు పాడైపోతుందన్న భయమే మనకి ఎక్కువ. నిజానికి చాలా టేపులు మనం అనుకున్నంత తొందరగా పోవు. వాటికన్నా ముందు యంత్రం పోతోంది, యంత్రం కన్నా ముందు దాన్ని విప్పగల చెయ్యి పోతోంది. యునెస్కో, ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ కలిసి 2019లో ప్రపంచానికి చెప్పింది సరిగ్గా ఇదే. టేపులు వాయించే యంత్రాలు, విడిభాగాలు, పనివాళ్ళు దొరకడం 2025 ప్రాంతానికి దాదాపు ఆగిపోతుందని హెచ్చరించాయి. ఆ హెచ్చరికలో మాటలు పెద్ద సంస్థల కోసం రాసినవి. లాజ్‌పత్‌రాయ్ మార్కెట్ మెట్ల కింద వాటి అర్థం ఇంకా స్పష్టంగా కనిపించింది.

రీళ్ళ సంగతి వేరు. ఒక్కో రీలూ ఒక్కో రోగి. దీపానికి ఎదురుగా పట్టుకుంటే లోపలి నుంచి వెలుగు కనబడేది అసిటేట్ టేపు, కనబడనిది చాలావరకు పాలియెస్టర్. అసిటేట్‌కి వెనిగర్ వాసన వస్తోందంటే కుళ్ళు మొదలైందని. అది పుటుక్కున తెగుతుంది గానీ సాగదు కాబట్టి అతికించడం తేలిక. పాలియెస్టర్ తెగదు, సాగుతుంది, సాగితే ఇక బాగుకాదు. డెబ్భైలు, ఎనభైల నాటి కొన్ని అమెరికన్ టేపుల్లో జిగురు గాలిలోని చెమ్మ పీల్చి బంకలా మారుతుంది. వాటిని 54 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచితే కొన్ని వారాల పాటు వాయించడానికి వీలవుతుంది. అదే వేడి అసిటేట్‌కి పెడితే నాశనమే. మామయ్య రీళ్ళలో చాలా వరకు జర్మనీ బీఏఎస్ఎఫ్‌వి. పాత పీవీసీ పట్టీ మీద చేసినవి, అరవయ్యేళ్ళ తర్వాత కూడా శుభ్రంగా ఉన్నాయి. ఏడంగుళాల స్పూలు మీద 1800 అడుగుల టేపు. సెకనుకి 9.5 సెంటీమీటర్ల వేగంతో ఒక్కో వైపు గంటన్నర పైనే పడుతుంది. మామయ్య పొదుపరి. ఒక్క అంగుళం కూడా ఖాళీ వదల్లేదు.

ఆ పొదుపే బావని ఇంతకుముందు భయపెట్టింది. జపాను స్టీరియో మెషీన్ ఒకటి ఎక్కడో సంపాదించి ఒక రీలు పెట్టి చూశాడట. ఎడమ స్పీకర్లో ఎవరో పద్యం చదువుతున్నారు, కుడి స్పీకర్లో తెలియని భాషలో ఎవరో అరుస్తున్నారు. టేపు పాడైందనుకుని తీసేశాడు. అది పాడవలేదు. గ్రండిగ్ ఆ టేపు వెడల్పుని రెండు సగాలు చేసి, ఇటు వైపు అయ్యాక స్పూలు తిప్పి అటు వైపు రికార్డు చేసింది. స్టీరియో మెషీన్ హెడ్డు రెండు సగాల్నీ ఒకేసారి అందుకుంటే రెండోది వెనకనుంచి ముందుకు వినబడుతుంది. ఆ తెలియని భాష తెలుగే.

నోయిడాకి వెళ్ళింది అందుకే. అక్కడ పాత మెషీన్లు పోగుచేసే ఒక తెలుగు ఇంజనీరు గారి దగ్గర రెండు ట్రాకుల హెడ్డున్న స్విస్ రెవాక్స్ ఏ77 ఉంది. 1967లో వచ్చిన మోడల్, మూడు మోటార్లు. నాజూకు టేపుని కూడా లాగకుండా నడుపుతుంది. రికార్డయిన మెషీన్ మీదే వాయించాలని పట్టుబట్టే ప్రేమికులున్నారు. వినడానికి అది బాగుంటుంది, ఆ ఆకుపచ్చ కన్ను చూస్తూ వింటే అత్తయ్యకి మామయ్య పక్కనే ఉన్నట్టుంటుంది. ఫైలు తీయడానికి మాత్రం దానికన్నా మెరుగైన మెషీన్ కావాలి, ఆ విషయంలో నాకు సందేహం లేదు. ఇంజనీరు గారు ప్రతి రీలుకీ హెడ్డు వంపు సర్దుతారు. చిన్న స్క్రూ వెంట్రుకవాసి తిప్పుతూ, శ, ష, స అక్షరాలు ఎక్కడ పదునుగా పలుకుతాయో అక్కడ ఆపుతారు. తెలుగు పద్యం ఆ పరీక్షకి చాలా బాగా పనికొస్తుంది. వేగం సరిగ్గా ఉందా లేదా అన్నదానికి టేపులో పడిన కరెంటు గుంయ్‌మనే శబ్దాన్ని కొలుస్తారు. మన కరెంటు 50 సైకిల్స్, కాబట్టి ఆ శబ్దం 50 దగ్గర నిలబడాలి. ఆ కాలపు ఢిల్లీ కరెంటు నిలకడ మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోలేం, అందుకని హార్మోనియం శ్రుతితో కూడా సరిచూసుకుంటారు. అమెరికా నుంచి బంధువులు పంపిన మెషీన్లు వాడే వాళ్ళకి ఆయన మొదట చెప్పేది ఇదే. అక్కడి 60 సైకిల్స్ కోసం చేసిన మోటారు మన 50 మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, బాలమురళి గొంతు కూడా బండబారిపోతుంది.

ఆయన ఇంటికి దగ్గర్లోనే సెక్టార్ 16ఏ ఫిల్మ్ సిటీ. నోయిడాకి క్యాసెట్లతో పాత బంధం ఉంది. దర్యాగంజ్‌లో తండ్రి పళ్ళరసం కొట్టులో పనిచేసిన గుల్షన్ కుమార్ 1983లో సూపర్ క్యాసెట్స్ పెట్టి, నోయిడాలో కర్మాగారం కట్టి, క్యాసెట్టు ధరని కూలివాడికి అందేంత దించాడు. అమెరికన్ పండితుడు పీటర్ మాన్యుయల్ 1993లో క్యాసెట్ కల్చర్ అన్న పుస్తకం రాసింది ఈ ఉత్తర భారత క్యాసెట్ల విప్లవం మీదే. పెద్ద కంపెనీలు పట్టించుకోని భజనలు, రసియాలు, ఊరి పాటలు పెద్ద ఎత్తున అమ్మకానికి వచ్చాయి. మనవైపు కూడా హరికథలు, బుర్రకథలు, నాటకాల పద్యాలు అలాగే బతికాయి. ఆ చవకకి మూల్యం ఇప్పుడు కనబడుతోంది. స్క్రూలు లేకుండా అతికించేసిన డొక్కులు, ఊడిపోయిన స్పాంజి ముక్కలు. స్పాంజి ఊడితే టేపు హెడ్డుకి ఆనదు, శబ్దం దుప్పటి కప్పుకున్నట్టు వస్తుంది. ఇంజనీరు గారు డొక్కు పగలగొట్టి, టేపు చుట్టని స్క్రూలున్న మంచి డొక్కులోకి మారుస్తారు. ఆ పని చూస్తూ కూర్చుంటే సాయంత్రం తెలియలేదు.

పటేల్ చౌక్‌లో దిగి పార్లమెంటు వీధిలో ఆకాశవాణి భవనం ముందు కాసేపు నిలబడ్డాను. తెలుగువాళ్ళకి ఆ భవనం పరాయిది కాదు. సినిమాల్లోకి రాకముందు కొంగర జగ్గయ్య కొన్నేళ్ళు ఢిల్లీ నుంచే తెలుగు వార్తలు చదివారు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు ఆకాశవాణి వాద్య బృందాన్ని నడిపించారు, రవిశంకర్ తొలి సారథిగా 1952లో మొదలైన బృందం అది. 1954లో ఆకాశవాణి తన రికార్డింగుల్ని భద్రపరచే ట్రాన్స్‌క్రిప్షన్ సర్వీసు పెట్టుకుంది. అయినా టేపు దిగుమతి సరుకైన రోజుల్లో పాతదాన్ని చెరిపి కొత్తది రికార్డు చేయడం రేడియోల్లో మామూలే. అందుకే ఇళ్ళలో రేడియో ముందు మైకు పెట్టి పట్టుకున్న రీళ్ళని తేలిగ్గా తీసేయకూడదు.

గుడ్‌గావ్ వెళ్ళే పసుపు లైను మెట్రోలో చివరి స్టేషన్, మొన్నటిదాకా హుడా సిటీ సెంటర్, ఇప్పుడు మిలీనియం సిటీ సెంటర్. అక్కణ్ణుంచి ఆటోలో కాస్త దూరం పోతే సెక్టార్ 32లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్. అందులో ఎథ్నోమ్యూజికాలజీ ఆర్కైవ్ ఉంది. అద్దాల ఆఫీసు భవనాల మధ్య, దేశమంతటి పల్లె గొంతులు ఇక్కడ ఉన్నాయని దారిన పోయేవాళ్ళకి అంతుపట్టదు. 1982లో నజీర్ జైరజ్‌భాయ్ చొరవతో పుట్టిన సంస్థ ఇది. విదేశీ పరిశోధకులు దశాబ్దాలుగా మన ఊళ్ళు తిరిగి రికార్డు చేసుకుని, టేపులు తమ విశ్వవిద్యాలయాలకి పట్టుకుపోయారు. పాడినవాళ్ళ దేశంలో చాలావాటికి ఒక్క ప్రతీ లేదు. వాటి ప్రతులు వెనక్కి రప్పించడం, ఇక్కడి పరిశోధకులకి అందుబాటులో పెట్టడం దీని మొదటి పని. డైరెక్టరుగా శుభా చౌధురి దశాబ్దాలు దీన్ని నడిపారు. 2012లో ఐఏఎస్ఏ వార్షిక సమావేశం ఢిల్లీలో జరిగింది. ఐఏఎస్ఏ మార్గదర్శకాలే ఇప్పుడు ఈ రంగమంతటికీ కొలత. కనీసం 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్ల ఫైలు, వీలైతే 96. చెరపడాలు, మెరుగుపెట్టడాలు లేని ప్రతి ఒకటి ముట్టుకోకుండా ఉంచాలి. శుభ్రం చేసింది వేరే ప్రతిగా ఉండాలి.

నన్ను ఎక్కువ కదిలించింది ఇంకో సంగతి. డచ్చి పండితుడు ఆర్నల్డ్ బేకే 1938లో దక్షిణాదిలో తిరిగి పాటలూ ఆటలూ రికార్డు చేశాడు, చిత్రాలు తీశాడు. 1984లో జైరజ్‌భాయ్, ఆయన భార్య ఎమీ కాట్లిన్ ఆ శబ్దాలు పట్టుకుని మళ్ళీ అవే ఊళ్ళకి వెళ్ళారు. పాడినవాళ్ళ పిల్లల్ని, శిష్యుల్ని వెతికి వినిపించారు. ఏది నిలిచింది, ఏది మారింది అని వాళ్ళనే అడిగారు. తమిళనాడు, కేరళ, కర్ణాటకల మీద ఆ పని అచ్చయింది. ఆ మూడు పేర్ల పక్కన మన పేరు లేదు.

ఆ వెలితి నా మనసులో బలంగా నాటుకుంది. పల్నాడులో మాత్రం పరిశోధకుడు జీన్ రోఘైర్ ఆలిశెట్టి గాలెయ్య నోట వీరుల కథ మొత్తం రికార్డు చేసి 1982లో పుస్తకం తెచ్చాడు. పాడినవాడి పేరు అందులో ఉంది కాబట్టే అది ఈనాడు ఎవరి కథో తెలుస్తోంది. ఢిల్లీలో సంస్థలు లేక కాదు. మండీ హౌస్‌లో సంగీత నాటక అకాడమీ ఉంది.  జన్‌పథ్‌లో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం జాతీయ సాంస్కృతిక దృశ్యశ్రవణ భాండాగారం నడుపుతోంది. యంత్రాలు కొనొచ్చు, ఫైళ్ళు తీయొచ్చు. మామయ్య అట్టపెట్టెల మీద లాగా "తెలుగు పాట, స్త్రీ" అని మాత్రమే రాసి ఉన్న ఫైలు ఎంత శుభ్రంగా వినబడినా సగం మూగదే. ఆ గొంతు ఎవరిదో, అది ఏ పేరంటంలోదో, ఏ యాసో చెప్పగలిగేది తెలుగు చెవి. ఢిల్లీలో ఆ చెవులు ఉన్నాయి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో పెట్టిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడుల్లో పాఠాలు చెప్పినవాళ్ళు, వెంకటేశ్వర కళాశాలలో చదివినవాళ్ళు, పాత క్వార్టర్స్ వాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళని కూర్చోబెట్టి వినిపించి రాసుకోవడమే ఇప్పుడు అన్నిటికన్నా తొందరగా జరగాల్సిన పని. మెషీన్ విప్పే చెయ్యి ఎంత అరుదైందో, గొంతుని గుర్తుపట్టే చెవీ అంతే అరుదైంది. రెండూ ఒకే వయసువాళ్ళ దగ్గర ఉన్నాయి.

మయూర్ విహార్‌లో అదే చేశాం. గ్రండిగ్ మీద రీలు తిరుగుతుంటే అత్తయ్య చెబుతూ పోయింది, నేను సెకన్లతో సహా రాసుకుంటూ పోయాను. హారతి పాడే ఆడవాళ్ళలో ఒక్కొక్కరినీ మొదటి ఊపిరికే పోల్చింది. పద్యం మధ్యలో దగ్గింది ఎవరో చెప్పింది. ఉగాది కవి సమ్మేళనంలో చప్పట్లకి ముందు వినబడిన కుర్చీ చప్పుడుకి కూడా ఒక మనిషి పేరు చెప్పింది. ఒక రీలులో రేడియో నుంచి పట్టిన వీణ ఉంది. అనౌన్సర్ పేరు చెప్పబోతుండగా మామయ్య ఆపేశాడు. ఈమని వారిదే అంటుంది అత్తయ్య. ఆ గమకాలు వింటే నాకూ అలాగే అనిపిస్తుంది గానీ, ఆకాశవాణి దగ్గరున్న వాటితో పోల్చి చూసేదాకా పేరు పక్కన ప్రశ్నార్థకం ఉంచాను.

ఒక గొంతు మాత్రం తెలియలేదు. సన్నగా, గోదావరి జిల్లాల యాసతో, అప్పగింతల పాట. విశాఖలో ఉన్న పాత పక్కింటి స్నేహితురాలికి ఫోన్ చేసి స్పీకరు దగ్గర పెట్టింది. అవతలావిడ రెండు చరణాలు విని టక్కున పేరు చెప్పేసింది. పాడినావిడ ఆర్.కె.పురం సెక్టార్ ఫోర్‌లో ఉండేదట, భర్తకి బదిలీ అయి వెళ్ళిపోయారట. తర్వాత ఆ పెళ్ళి ఏ సంవత్సరమన్న దాని మీద ఇద్దరికీ వాదన మొదలైంది. మా పెద్దాడికి ఆటలమ్మ పోసిన ఏడాది అని అత్తయ్య, కాదు మాకు కొత్త క్వార్టరు ఇచ్చిన ఏడాది అని ఆవిడ. అరగంటైనా తేలలేదు. రెండు సంవత్సరాలూ ఫైలులో రాసి, ఏది ఎవరు చెప్పారో పక్కన పెట్టాను. విశాఖ ఆవిడ దగ్గర కూడా ఒక సంచీ నిండా క్యాసెట్లు ఉన్నాయట. డొక్కులు ఊడినవి పారేయొద్దని, నోయిడా చిరునామా పంపుతానని చెప్పి ఫోన్ అత్తయ్యకి ఇచ్చాను.